లైటక్క కుడి చెంప

మా బావని ఊళ్లో అందరూ "లైటు" అనే పిలుస్తారు. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, కొత్త షాపు తెరిచిన చోట ఫొటోగ్రాఫర్ పక్కన పొడవాటి కర్రకి దీపం బిగించి పట్టుకుని నిలబడే మనిషి ఒకడుంటాడు చూడండి, ఆయనే మా బావ. "లైటూ, కాస్త పైకి!", "లైటూ, అడ్డం లే!" అని జనం ఆయన్ని జీవితమంతా కేకేస్తూనే ఉన్నారు. ఈ ఊళ్లో చాలామంది ఆల్బమ్‌లలో మొహాలు చూడముచ్చటగా ఉన్నాయంటే దాని వెనక ఆయన చెయ్యి ఉంది. ఆ ఆల్బమ్‌లలో ఆయన మాత్రం ఎక్కడా కనబడడు. మహా అయితే ఓ మూల మోచెయ్యి కనబడుతుంది.

నేను ఆయన మరదల్ని. అక్కా బావా కింద వాటాలో ఉంటారు, నేను పై వాటాలో ఉంటాను. బావని ఆటపట్టించే హక్కు మరదలికి ఎవరూ ఇవ్వక్కర్లేదు, పుట్టుకతో వస్తుంది. కాబట్టి ఇందులో ఆయన్ని ఎక్కడైనా తక్కువ చేసి మాట్లాడితే అది ప్రేమే అనుకోండి. అన్నిచోట్లా కాదు, చాలాచోట్ల.

ఓ ఫంక్షన్ హాల్లో నిచ్చెన మీంచి జారి బావ భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. దీపం ఎత్తలేని లైటుని ఎవరు పిలుస్తారు? ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే కూర్చోడు కదా. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, అక్క కూరగాయలు తరుగుతుంటే "ఆ కిటికీ రెక్క కొంచెం మూస్తే ఆ ఉల్లిపాయ ఎంత బాగుంటుందో" అనేవాడు. ఉల్లిపాయ బాగుండటం ఏమిటి, నా మొహం! అక్క ఓర్చుకుంది గానీ నేను ఓర్చుకోలేకపోయాను. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో పక్కన పడేసిన కంప్యూటరు ఒకటుంటే అడిగి తెచ్చి, ముందుగదిలో పెట్టి, అందులో ఒక ఆట లాంటిది ఎక్కించి ఇచ్చాను.

ఆట అని అనడమే గానీ దాంట్లో గెలుపూ ఓటమీ లేవు. తెర మీద ఒక ఊరుంటుంది. ఎవరికి వాళ్లు అందులో ఒక బొమ్మని తయారు చేసుకుంటారు, దాన్ని అవతార్ అంటారు. మనం ఇక్కడ కుర్చీలో కూర్చుని మౌసు తిప్పితే అక్కడ మన బొమ్మ నడుస్తుంది, కూర్చుంటుంది. మనం మైకులో మాట్లాడితే అది మాట్లాడినట్టు అక్కడివాళ్లకి వినబడుతుంది. బొమ్మకి ఏ రూపమైనా పెట్టుకోవచ్చు. ఒకాయన రెక్కలు తగిలించుకుంటాడు, ఒకావిడ నక్క మొహం పెట్టుకుంటుంది, ఇంకొకడు రోబోలా తయారవుతాడు. మా బావ మాత్రం చేరినరోజు గుమ్మంలో ఊరికే ఇచ్చిన బొమ్మనే, అదే చొక్కాతో, ఇప్పటికీ తిప్పుతున్నాడు.

మొదటిరోజు ఆ ఊరంతా తిరిగి చూసి బావ దిగులుగా ఒక మాటన్నాడు.

"మరదలా, అక్కడ జనానికి మొహాలున్నాయి గానీ నీడల్లేవు."

ఆ లోకంలో వెలుతురు అన్నివైపుల నుంచీ ఒకేలా పడుతుందట. ముక్కు కింద చీకటి లేదు, గడ్డం కింద చీకటి లేదు. అందరి మొహాలూ ఇస్త్రీ చేసిన దిండు గలీబుల్లా ఉన్నాయని ఆయన బాధ. నీడలు రావాలంటే లోపలెక్కడో ఒక మీట నొక్కాలి. నొక్కితే కంప్యూటరు మిక్సీలా అరుస్తుంది. బావ నొక్కాడు, అది అరిచింది, అయినా ఆయన పట్టించుకోలేదు. ఆ ఊళ్లో ఒక సందు చివర నల్లటి గోడలతో గది కట్టాడు. అందులో ఒక స్టూలు వేశాడు, ఒక దీపం పెట్టాడు. అక్కడ ఎవరి సూర్యుణ్ని వాళ్లు తిప్పుకోవచ్చట, ఈయన తన గది వరకూ సూర్యుణ్ని ఆర్పేశాడు. గుమ్మం మీద "మీ బొమ్మకి ఫొటో తీయబడును" అని రాసుకుని కూర్చున్నాడు.

జనం వచ్చారు. నేను ఒక్కరూ రారని పందెం కాశాను, అది వేరే సంగతి.

ఎవరొచ్చినా బావ ముందు అడిగేది ఒక్కటే. "ఇప్పుడు మీరు మీ ఇంట్లో ఎలా కూర్చున్నారు?" బొమ్మ సంగతి కాదు, బొమ్మని ఆడించే మనిషి సంగతి. రెక్కలాయన వచ్చినప్పుడు తనని కొండ కొమ్ము మీద రాజులా నిలబెట్టి తీయమన్నాడు. బావ తన ప్రశ్న అడిగాడు. ఆయన కాసేపు నసిగి, "మంచం మీదండీ, గోడకి ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని" అన్నాడు. బావ ఆ బొమ్మని సరిగ్గా అలాగే గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. రెక్కలు గోడలోకి దూరిపోతుంటే ఒకదాన్ని మడవమన్నాడు. బొమ్మ ఎటు చూస్తోందో అటువైపు ఫొటోలో ఖాళీ వదిలాడు. "చూపుకి చోటివ్వాలి. లేకపోతే మనిషి గోడకి గుద్దుకున్నట్టు ఉంటాడు" అంటాడు. ఫొటో చూసుకుని రెక్కలాయన మర్నాడే తన స్నేహితులందర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

ఇదిలా సాగుతుండగా మా అక్క మొహం వంకరపోయింది.

ఓ పొద్దున లేచి పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నోట్లో నీళ్లు నిలవలేదట. డాక్టరుగారు చూసి, మొహంలో కుడివైపు నరం దెబ్బతిందన్నారు, ప్రాణానికేం భయం లేదన్నారు, మందులిచ్చి, అద్దం ముందు చేసే వ్యాయామాలు నేర్పించారు. చాలావరకు తిరిగొచ్చింది. కానీ కుడికన్ను ఇప్పటికీ ఒక క్షణం ఆలస్యంగా మూసుకుంటుంది. నవ్వితే నోరు ఎడమకి పోతుంది, కుడిపెదవి అది తన పని కాదన్నట్టు కదలకుండా ఉండిపోతుంది. 'ప'లూ 'బ'లూ కాస్త జారతాయి. ఇక ఇంతకన్నా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరుగారు.

మా అక్క ఒకటో తరగతి టీచరు. ఆవిడ నవ్వితే వీధి చివర మందుల షాపుదాకా వినబడేది. అలాంటి మనిషి నవ్వడం మానేసింది, బయటికి రావడం మానేసింది, ఎవరైనా వస్తే పనున్నట్టు లోపలి గదిలోకి వెళ్లిపోయేది. బడికి సెలవు పెట్టింది, పొడిగించింది, మళ్లీ పొడిగించింది. చివరికి హెడ్మిస్ట్రెస్‌గారు ఫోన్ చేసి మంచిగానే చెప్పారు. "సెలవులైపోయి బడి తెరిచేనాటికి నువ్వొస్తే నాకు సంతోషమమ్మా. రాలేనంటే చెప్పెయ్, ఇంకొకర్ని చూసుకుంటాను. పిల్లలు ఆగరు కదా."

"వెళ్లక్కా, ఇంట్లో ఉండి ఏం చేస్తావు?" అన్నాను నేను.

"పెద్దవాళ్లైతే ఎలాగో నెట్టుకొస్తానే. చూసీ చూడనట్టు ఉంటారు" అంది అక్క. "ఒకటో తరగతి వాళ్లకి మొహమాటం ఎక్కడేడ్చింది? అడిగేస్తారు. ముప్ఫైమంది, రోజూ, నా మొహం మీదే అడిగేస్తారు. నా వల్ల కాదు."

ఆ బడే మా అక్క ప్రాణం. అది పోతే ఈవిడ ఆ లోపలి గదిలోంచి ఇక బయటికి రాదని నాకు తెలుసు. నాకు భయమేసింది, అందుకే బావకున్న ఒక చాదస్తాన్ని వాడుకున్నాను.

ఆ లోకంలో దీపాన్ని గాల్లో వదిలేస్తే గాల్లోనే నిలబడుతుంది. అందరూ అలాగే వదిలేస్తారు. మా బావ మాత్రం ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాల్సిందే అంటాడు. ఫొటోకి వచ్చినవాళ్లలోనే ఒకర్ని బతిమాలి, వాళ్ల బొమ్మ చేతికి దీపం ఇచ్చేవాడు.

"బొమ్మకి చెయ్యి లాగదు కదా బావా, ఎందుకీ గోల?" అని ఒకసారి అడిగాను.

"బొమ్మకి లాగదు. దాన్ని ఆడించే మనిషికి విసుగొస్తుంది. విసుగొస్తే దీపం కాస్త కదులుతుంది. అది కదిలినప్పుడే ఎదుటి మొహంలో ఏదో ఒకటి బయటపడుతుంది. గాల్లో వేలాడే దీపానికి ఏం తెలుసు మరదలా?"

ఆ సాయంత్రం నేను అక్క దగ్గర మొదలుపెట్టాను. "మీ ఆయన రోజూ పరాయివాళ్లని దీపం పట్టుకోమని దేబిరిస్తున్నాడు. నాకే తలకొట్టేసినట్టుంది. నువ్వు పట్టుకోవచ్చుగా?"

అక్క నన్ను పురుగుని చూసినట్టు చూసింది. అప్పుడు బావ, కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే, "దీపం వెనకాల నిలబడ్డవాళ్లని ఎవరూ చూడరు టీచరమ్మా. ఇన్నేళ్లలో నన్నెవరైనా చూశారా?" అన్నాడు. ఆ మాట పనిచేసింది.

నా ల్యాప్‌టాప్ అక్కకి ఇచ్చేశాను. ముందుగదిలో బావ బల్ల దగ్గర, అక్క దివాను మీద. అక్కకి బొమ్మని బావే చేశాడు, పాత ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని, ఆవిడ మొహంలాగే వచ్చేదాకా దిద్దాడు. అక్కడ ఒకవైపు దిద్దితే రెండోవైపు దానంతటదే అద్దంలోలా వచ్చేస్తుంది. అలా అక్కకి మళ్లీ సమానమైన చెంపలూ తిన్నని నవ్వూ వచ్చాయి, ఆ లోకం వరకే అనుకోండి.

మొదట్లో అక్క నోరు విప్పలేదు. బావ ఎటు చెబితే అటు దీపం జరిపేది. కానీ ఆ బొమ్మలకి ఒక జబ్బుంది, మౌసు ఎటు కదిపితే వాటి కళ్లు అటు పోతాయి. సరిగ్గా ఫొటో తీసే క్షణానికి ఎవడో ఒకడు మౌసు కదుపుతాడు, బొమ్మ దొంగచూపులు చూస్తుంది. బావ "అయ్యా… కొంచెం… దయచేసి…" అని నసుగుతూ మళ్లీ మొదటికొస్తాడు. పెళ్లిళ్లలో కేకలు తినడమే గానీ వేయడం ఎరగని మనిషి. ఒకరోజు ఆ తతంగం చూసి చూసి అక్కకి ఒళ్లు మండింది.

"మౌసులు వదలండి! అందరూ చేతులు కట్టుకోండి!"

మైకులో ఆ గొంతు విని రెక్కలాయన, ఆయన పక్కన రోబో, వెనక నిలబడ్డ నక్కావిడ, అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో నిజంగానే చేతులు కట్టుకున్నారట. బొమ్మల చూపులన్నీ ఒక్కసారిగా కుదురుగా నిలిచాయి. బావ ఫొటో తీసుకున్నాడు. ఆరోజు నుంచి ఆ స్టూడియోలో అదే పద్ధతి, అక్కకి "లైటక్క" అని పేరు. ఫొటో కోసం వచ్చేవాళ్లెవరో, తిట్లు తినడానికి వచ్చేవాళ్లెవరో చెప్పడం కష్టమైపోయింది. 'ప'లు జారుతున్నాయని ఒక్కరూ అనలేదు. మైకు బాగాలేదనుకుని ఉంటారు.

ఇంకోరోజు రోబో ఒక్కడే వచ్చాడు. బావ దీపం కుదిర్చి, కోణం కుదిర్చి, అంతా అయ్యేసరికి బొమ్మ తల వాలిపోయింది. అక్కడ మనిషి కాసేపు మౌసు ముట్టుకోకపోతే బొమ్మ అలా తల వాల్చేస్తుంది. "ఆయన లేడు, కాఫీకి పోయుంటాడు" అన్నాడు బావ. అక్క మైకు దగ్గరికి జరిగి, "ఎవరా వెనక బెంచీలో నిద్రపోతోంది?" అని గట్టిగా ఒక్క కేక పెట్టింది. అవతల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు, పరుగెత్తుకొచ్చిన చప్పుడు, "ఉన్నా మేడమ్, ఉన్నా మేడమ్" అని రొప్పుతున్న గొంతు. అక్క నవ్వింది. నేను అప్పుడు మేడమెట్ల మీద ఉన్నాను, అక్కడికి వినబడింది. చేతిలో ఉన్న బట్టల బకెట్టు కింద పెట్టేసి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. సంతోషం పట్టలేకపోయాను మరి.

ఆ లోకంలో మొక్కలు పెంచుకునే సంఘం ఒకటుంది. అవి నిజం మొక్కలు కావు గానీ, నీళ్లు పోయకపోతే నిజంగానే వాడిపోతాయి, వీళ్లు నిజంగానే బాధపడతారు. ఆ సంఘానికి పెద్ద నక్కావిడ. అందరం కలిసి గ్రూప్ ఫొటో దిగాలంది. "ఈసారి లైటక్క దీపం వెనకాల కాదు, మా మధ్యలో కూర్చోవాలి" అని పట్టుబట్టింది.

అక్క వద్దంటే వద్దంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే తనే ఓ పూట మెత్తబడింది. "అక్కడి మొహానికేం, అది బానే ఉందిగా. కూర్చుంటాలే" అంది. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను. ఇవాళ బొమ్మ నలుగురి ముందూ కూర్చుంటే రేపు మనిషి కూర్చోకపోతుందా అని నా ఆశ. బడి తెరవడానికి ఇంక ఎన్నో రోజులు లేవు.

గ్రూప్ ఫొటోకి ముందు అక్కని ఒక్కదాన్నే తీసి చూస్తానన్నాడు బావ. నాకు ఆరోజు షాపు సెలవు, కాబట్టి నా ఫోన్లోంచి ఆ ఊళ్లోకి దిగి దీపం పట్టే పని నా నెత్తిన పడింది. బావ అంత ఇదిగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. స్టూలు ఎత్తు మార్చాడు, జడని భుజం మీదికి వేయించాడు, తనూ వెనక్కి జరిగాడు, ముందుకి జరిగాడు. "మీ అక్కకి ఎడమవైపు రా మరదలా… ఇంకా ఎడమకి… కాస్త కిందకి. ఆఁ, అక్కడే, కదలకు." నా చెయ్యి నిజంగానే నొప్పెట్టింది. ఫొటో తీశాక బావ మొహం వెలిగిపోయింది.

అక్క దివాను మీంచి లేచి వచ్చి బావ వెనకాల నిలబడి తెర కేసి చూసింది.

"చాలా బావుంది" అంది. ఇంకాసేపు చూసి, "కుడి చెంప ఏదండీ?" అంది.

అప్పుడు చూశాను నేను. ఎడమ చెంప మీద వెలుతురు మెత్తగా పడింది, ఆ కన్ను మెరుస్తోంది. కుడివైపు మొహమే లేదు. చెంప, కన్ను, పెదవి కొస, అన్నీ నల్లగోడలో కలిసిపోయాయి.

"అలా సగం నీడ ఉంటే… అందంగా ఉంటుందని…" అన్నాడు బావ.

"నక్కావిడకి రెండు చెంపలూ తీశారు. రోబోకి చెంపలే లేకపోయినా రెండూ తీశారు. ఈ బొమ్మకి కుడి చెంపకేమైంది? మీరే చేశారుగా దీన్ని, రెండువైపులా ఒకేలా? నరం దెబ్బతింది దానికి కాదు, నాకు."

బావ కావాలని చేయలేదు. తనకి తెలియకుండా చేతిదారిన అది జరిగిపోయింది, ఏ లోపమూ లేని చెంపని తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. అదే అక్కని ఎక్కువ పొడిచింది.

అక్క అరిస్తే నేను భయపడను. గొంతు తగ్గితే భయపడతాను. ఇప్పుడు తగ్గింది.

"అన్నాలు తినేటప్పుడు ఎప్పుడూ నా కుడిపక్కన కూర్చునే మనిషి, ఈమధ్య ఎడమపక్కకి మారారు. నడిచినా ఎడమపక్కనే నడుస్తున్నారు. ఏదో వీలు కోసమేమో అనుకుని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసింది. నాతో కాపురం చేసే మనిషే నా మొహాన్ని సగం చూడలేకపోతే, ముప్ఫైమంది పిల్లల ముందు నేనెలా నిలబడతాను? భోజనాలు కానివ్వండి, హెడ్మిస్ట్రెస్‌గారికి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు కూడా చప్పుడు చేయలేదు.

నేను బావ మీద విరుచుకుపడ్డాను. "బుద్ధుందా నీకు? ఇన్నేళ్లు దీపాలు మోసి నేర్చుకున్నది ఇదా?"

"ఇదే మరదలా" అన్నాడు బావ, తెర మీది ఆ చీకటి చెంప కేసే చూస్తూ. "పెళ్లికూతురికి మచ్చుంటే అటు వెలుతురు తగ్గిస్తాను. పెద్దాయనకి పన్నూడితే అటు తగ్గిస్తాను. వాళ్లూ అడగరు, నేనూ చెప్పను. ఫొటో చూసుకుని మురిసిపోతారు. మేలు చేస్తున్నాననుకునేవాణ్ని." ఆ తర్వాత ఆయన ఫొటో చెరిపేశాడు.

భోజనానికి ముగ్గురం కూర్చున్నాం. అక్క ఫోను తన పక్కనే బల్ల మీద పెట్టుకుంది. వడ్డించుకున్నాక బావ లేచి, తన కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకుంటూ వెళ్లి అక్క కుడిపక్కన వేసుకుని కూర్చున్నాడు. కంచం ముట్టుకోలేదు. అక్క మొహంలోకి అలాగే చూస్తున్నాడు.

"ఏమిటా చూపు?"

"చూస్తున్నాను."

"ఇన్నాళ్లూ చూడనివాళ్లు ఇప్పుడేం చూస్తారు?"

"భయమేసింది" అన్నాడు బావ. "నీ మొహానికి కాదు. నేను అటువైపు చూస్తే, చూశానని నీకు తెలిసిపోతుందని. నువ్వు నొచ్చుకుంటావని. ఆ భయంతో చూడటమే మానేశాను. తప్పే. ఇప్పుడు చూస్తాను, నువ్వు తిట్టినా చూస్తాను."

అక్క కోపంగా ముద్ద మీద ముద్ద తింటోంది. బావ చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆయన మొహం మారింది. కింది పెదవి పళ్లతో నొక్కిపట్టాడు.

"ఏమైంది?" అంది అక్క.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేమిటి?"

"మెతుకు."

"ఏం మెతుకు?"

"కుడివైపు, పెదవి పక్కన. రెండున్నాయి. కొంచెం పెరుగు కూడా."

అక్క చెయ్యి పెట్టి తుడుచుకుంది, అది తప్పిపోయింది. ఆ వైపు ఏం అంటుకున్నా తనకి సరిగా తెలియదు. బావ వేలితో తీసి చూపించాడు. అక్క ఆ మెతుకుల్ని చూసింది, బావని చూసింది, తర్వాత నావైపు తిరిగింది.

"ఇలా రోజూ అంటుకుంటుందా?"

నేను నా కంచంలోకి చూసుకున్నాను.

"నిన్నేనే! అంటుకుంటుందా?"

"అప్పుడప్పుడూ" అన్నాను.

"మొన్న డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు?"

"కొంచెం."

"ఎదురింటావిడ వచ్చినరోజు?"

"ఆరోజు ఆకుకూర" అన్నాను. అబద్ధం చెప్పినా బాగుండేది.

"మరి చెప్పరేమే!"

"నీ మొహం కేసి చూశామని నువ్వు బాధపడతావని…"

అక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఎడమచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచింది. "అంటే ఇన్నాళ్లుగా నేను మొహాన అన్నం పెట్టుకుని ఊరేగుతుంటే ఇంటిల్లిపాదీ మర్యాదగా చూస్తూ కూర్చున్నారా! ఎదురింటావిడ కూడానా! ఆ డాక్టరు కూడానా! నా మొహానికి అద్దం పట్టి వ్యాయామాలు చెప్పాడే, ఆ ఒక్కమాట చెప్పడానికి నోరు రాలేదా ఆయనకి!"

ఇంక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు కాబోలు, ఆగింది. ఆగి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లొచ్చేలా, కుర్చీ పట్టుకుని, మందుల షాపుదాకా వినబడేలా నవ్వింది. నోరంతా ఎడమకి పోయింది, కుడివైపు కదల్లేదు. బావ అంత దగ్గర నుంచి ఆ నవ్వునే చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూశాను, ఇన్నాళ్లకి తిన్నగా చూశాను. వంకరే. మా అక్కే.

నవ్వు ఆగాక చేతులు కడుక్కొచ్చి ఫోను తీసింది.

"నమస్తే మేడమ్, నేనే. బడి తెరిచేరోజు వస్తున్నాను." అవతలావిడ ఏదో అడిగారు. "లేదు మేడమ్, పూర్తిగా ఏం తగ్గలేదు. అయినా వచ్చేస్తాను. ఈ ఇంట్లో మర్యాదస్థులు ఎక్కువైపోయారు. మొహం మీద చెప్పేవాళ్ల దగ్గర ఉంటేనే నాకు నయం." హెడ్మిస్ట్రెస్‌గారికి ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి.

గ్రూప్ ఫొటో ఆ సాయంత్రమే తీశారు. నేనే దీపం పట్టాను. ఈసారి బావ నన్ను ఎడమకి రమ్మనలేదు, తిన్నగా ఎదురుగా నిలబెట్టాడు. నక్కావిడకీ రెక్కలాయనకీ రోబోకీ మధ్యలో అక్క బొమ్మ రెండు చెంపలతో కూర్చుంది. "దీని నోరు కూడా కొంచెం పక్కకి తిప్పమంటావా, నీలాగే ఉంటుంది?" అని బావ అడిగాడు. "దాని జోలికెందుకు? హాయిగా ఉంది, ఉండనీండి" అంది అక్క.

బడి తెరిచినరోజు సాయంత్రం అక్క ఇంటికొచ్చేదాకా నేను గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వచ్చి చెప్పులు విప్పుతూనే చెప్పింది. హాజరు పిలవకముందే ముందు బెంచీలో పిల్ల ఒకర్తె లేచి, "టీచర్, మీ నోరు వంకరగా ఉంది" అందట.

"ఏమన్నావ్?" అన్నాను.

"అవునమ్మా వంకరపోయింది, ఇటువైపు ఏమైనా అంటుకుంటే నాకు తెలియదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక నాకు ఎవరు చెప్తారు అని అడిగాను" అంది అక్క.

ముప్ఫై చేతులూ ఒకేసారి లేచాయట.